మూల దగ్గర ఇటుకలు లెక్కపెట్టు

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ మొన్న రాత్రి ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడాక, "వీడు ఆఫీసులో అందరికీ పనికొచ్చేలా ఇటుక గోడ హ్యాచ్ ఒకటి సొంతంగా రాస్తాడటక్కా, గోడ బొమ్మని ఇటుక గీతలతో దానంతటదే నింపే ప్యాటర్న్ అట. మూలకి రెండువైపుల ముఖాలూ ఒకేసారి కనబడేలా గీసే ఐసోమెట్రిక్ బొమ్మల కోసమట. నీకైతే అర్థమవుతుందని చెబుతున్నా" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు. మనింట్లో నా తర్వాత డ్రాయింగ్ బోర్డు దాకా వచ్చినవాడివి నువ్వొక్కడివే. దొరికిన ప్యాటర్న్‌తో సరిపెట్టుకోకుండా, అది ఎలా తయారవుతుందో చూద్దామనుకున్నావు. ఆ సంతోషం ఎంతో ఉంది. దాని వెనకే భయమూ వచ్చింది. నువ్వొక గోడ గీస్తే, తప్పు జరిగినా ఆ ఒక్క గోడకే. హ్యాచ్ ఫైలు ఆఫీసులో అందరూ వాడే లైబ్రరీలో పెడితే, నువ్వు జన్మలో చూడని గోడల మీదకి కూడా అది వెళ్తుంది. అందుకే ఫోన్‌లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరే పెద్దమ్మా, సరే" అంటావు, పెట్టేశాక సగం మర్చిపోతావు.

నీకు తెలిసినవి ముందు గబగబా అనేస్తాను. గీసే ప్రోగ్రాం ఆటోక్యాడ్‌లో ఐసోమెట్రిక్ స్నాప్ పెట్టుకో, ఎఫ్5 నొక్కి తలం, అంటే గీసే ముఖం, మార్చుకో. హ్యాచ్‌కి విడిగా లేయర్ ఉంచి సన్నగీత ఇవ్వు. గోడ హద్దు ఎక్కడా తెరుచుకుని ఉండకూడదు. ఫైలు నోట్‌ప్యాడ్‌లోనే రాయి. ఫైలు పేరూ, లోపల నక్షత్రం గుర్తు తర్వాత రాసే పేరూ ఒకటే కావాలి. ఆఖరి లైను తర్వాత ఎంటర్ నొక్కు. అది లేక ఆఖరి లైను చదవబడకపోతే ఎక్కడ పోయిందో తెలియక తల పట్టుకుంటావు. ఆటోక్యాడ్ వెతికే సపోర్ట్ ఫోల్డర్లలోనే ఆ ఫైలు ఉండాలి. ఇంతే. ఇవి తప్పినా ప్రమాదం లేదు, హ్యాచ్ రాదు, లేదా తేడాగా వస్తుంది, నీకే వెంటనే తెలుస్తుంది. నాకు భయం వేసేది హ్యాచ్ రాకపోవడం గురించి కాదు. చక్కగా వచ్చి, అబద్ధం చెప్పడం గురించి.

మామూలు ఇటుక ప్యాటర్న్‌ని 30 డిగ్రీలు తిప్పి పెట్టేస్తే సరిపోతుందని ఆఫీసులో ఎవరైనా అంటే వినకు. తిప్పితే అడ్డగీతలతో పాటు నిలువు గీతలూ 30 డిగ్రీలు తిరుగుతాయి, 120 దగ్గర నిలబడతాయి. గోడ వెనక్కి ఒరిగిపోతున్నట్టు ఉంటుంది. ఐసోమెట్రిక్‌లో దీర్ఘచతురస్రం వాలిపోయి సమాంతర చతుర్భుజం అవుతుంది. కుడి ముఖం మీద వరసలు 30 డిగ్రీల్లో, ఎడమ ముఖం మీద 150 డిగ్రీల్లో ఏటవాలుగా పోతాయి. జాయింట్లు, అంటే ఇటుకల మధ్య సిమెంటు సందులు, మాత్రం రెండు ముఖాల మీదా నిట్టనిలువుగా 90లోనే ఉంటాయి. తిప్పడంతో రాదు ఇది. కొత్తగా రాసుకోవాల్సిందే, నువ్వు అనుకున్నది సరైనదే.

ఇంకొకటి. అసలైన ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌లో మూడు అక్షాల మీదా కొలతలు 0.8165 వంతుకి తగ్గుతాయని కాలేజీలో చెప్పి ఉంటారు. నీ ఫైల్లో ఆ లెక్క పెట్టకు. మనం గోడని అక్షాల వెంట పూర్తి కొలతతోనే గీస్తాం, ఇటుక కూడా పూర్తి కొలతతోనే ఉండాలి. గోడ ఒక లెక్కలో, ఇటుక ఇంకో లెక్కలో ఉంటే మూడు మీటర్ల ఎత్తుకి 40 వరసలు రావాల్సిన చోట 49 వస్తాయి. చూసేవాడు వరసలు లెక్కపెట్టడని అనుకోవద్దు. లెక్కపెడతారు. నేను పనిచేసిన చోట ఒక మేస్త్రి కాగితం చేతికి రాగానే వేలితో చేసే మొదటి పని అదే.

ఇప్పుడు లెక్క దగ్గరికి వస్తాను. ఇది నీకు ఓపికగా చెప్పాలని ఉంది, ఎందుకంటే నాకెవరూ చెప్పలేదు. జాయింటుతో కలిపి ఇటుక పొడవు 225 మిల్లీమీటర్లు, వరస ఎత్తు 75 అనుకో. ఒక్కో లైనులో మొదట కోణం, తర్వాత గీత మొదలయ్యే చోటు ఎక్స్, వై, ఆ తర్వాత పక్కగీత ఎక్కడికి జరగాలో రెండు అంకెలు, చివర్లో ముక్క పొడవు, ఖాళీ పొడవు. ఖాళీకి మైనస్ గుర్తు. అందరూ తడబడేది ఆ జరిగే రెండంకెల దగ్గరే. అవి కాగితం మీది ఎక్స్, వై కావు. మొదటిది గీత వెంబడే ఎంత జరగాలో చెబుతుంది, రెండోది గీతకి లంబంగా ఎంతో చెబుతుంది. గీత మీద నిలబడి అది వెళ్లే వైపే చూస్తున్నావనుకో, నీ ఎడమచెయ్యి వైపు ప్లస్. 90 డిగ్రీల గీత మీద నిలబడి పైకి చూస్తే ప్లస్ అంటే కాగితానికి ఎడమవైపు. ఇది బుర్రకి ఎక్కేదాకా ముందుకి పోకు. లేచి నిలబడి చెయ్యి చాపి చూసుకో, ఎవరేమనుకున్నా ఫర్వాలేదు.

కుడి ముఖం వరసలు తేలిక. నిలువునా 75 దూరం కావాలి, కానీ ఫైలు అడిగేది గీతకి లంబంగా ఉండే దూరం. 75ని 30 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.8660254తో హెచ్చవేస్తే 64.951905. వరస గీత తెగకుండా పోతుంది కాబట్టి చివర్లో ముక్క, ఖాళీ అంకెలు అక్కర్లేదు.

30, 0,0, 0,64.951905

నిలువు జాయింట్లకి సగం ఇటుక, అంటే 112.5 చొప్పున ఎడమకి నడవాలి. కుడి ముఖం మీద ఎడమకి నడిస్తే వరస కిందికి దిగుతుంది. 112.5కి సగం, 56.25 దిగుతావు. జాయింట్లు వరస విడిచి వరసలో పడాలి కాబట్టి మళ్లీ ఒక వరస, 75 పైకెక్కాలి. దిగింది 56.25, ఎక్కింది 75, మిగిలింది 18.75. లంబంగా వెళ్లిన దూరం 112.5ని అదే కొసైన్‌తో హెచ్చవేస్తే వచ్చేది, 97.427858.

90, 0,0, 18.75,97.427858, 75,-75

అంతే, రెండు లైన్లు. మొదటిసారి ఇది తెరమీద పడ్డప్పుడు కళ్లు చెమర్చాయి నాకు. సెట్‌స్క్వేర్ పట్టుకుని ట్రేసింగ్ పేపర్ మీద ఒక్కో ఇటుకా గీసిన చేతులివి. ఒక గోడ ముఖానికి రెండు రోజులు పట్టేది. పెన్ను మొద్దుబారితే మధ్యలో ఆపి కడగాలి, చెమట చుక్క పడితే సిరా పాకేది, బ్లేడుతో గీకి మళ్లీ గియ్యాలి. ఆ పని మొత్తాన్ని రెండు లైన్ల అంకెలు లాగేసుకున్నాయి. కానీ చిన్నా, చేత్తో గీసే రోజుల్లో ఒకటుండేది. ప్రతి ఇటుక దగ్గరా మనసు ఒక్క క్షణం ఆగేది. మూల దగ్గరికి వచ్చేసరికి, "ఇక్కడ ఏ ఇటుక ఎటు తిరుగుతుంది?" అని చెయ్యే అడిగేది. హ్యాచ్‌కి ఆ ప్రశ్న రాదు. హద్దు దాకా నింపి ఊరుకుంటుంది.

ఇక నేను రాయాలని కూర్చున్నది ఇదే. మీ అమ్మకి కూడా ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు.

మా ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, పూత లేకుండా ఇటుక బయటికి కనబడే అర ఇటుక మందం గోడ ఒకటి మాకొచ్చింది. మూల తిరిగే గోడ. ఐసోమెట్రిక్ షీటు నాకిచ్చారు. అప్పటికి కుడి ముఖం ప్యాటర్న్ నేను రాసేశాను, పైన చెప్పినట్టే. రాత్రి బాగా పొద్దుపోయింది, షీటు పొద్దున్నే వెళ్లాలి. ఎడమ ముఖానికి మళ్లీ మొదట్నుంచీ ఎందుకు లెక్కవేయడం, అద్దంలో బొమ్మే కదా అనుకున్నాను. 30ని 150 చేశాను. 18.75కి మైనస్ పెట్టాను. రెండు హ్యాచ్‌లకీ ఆరిజిన్, అంటే ప్యాటర్న్ మొదలయ్యే బిందువు, మూల దగ్గరే, గోడ అడుగున పెట్టాను. వచ్చింది. ఎంత అందంగా వచ్చిందనుకున్నావు! మూలగీతకి అటూ ఇటూ వరసలు ఒకదానికొకటి అతుక్కుని, జాయింట్లన్నీ తూకం వేసినట్టు సమానంగా. మా సార్ పొద్దున్న చూసి, గోడకి తగిలించేలా ఉందమ్మా అన్నారు. ఆ మాటకి నేను మధ్యాహ్నం దాకా గాల్లో ఉన్నాను.

ఆ షీటులో మూల దగ్గర ఏముందో ఇప్పుడు చెబుతాను, కళ్లు మూసుకుని ఊహించుకో. అడుగు వరసలో కుడి ముఖం మీద మూలని ఆనుకుని నిండు ఇటుక, 225. అదే వరసలో ఎడమ ముఖం మీద కూడా మూలని ఆనుకుని నిండు ఇటుక, 225. దాని పై వరసలో అటు సగం, ఇటూ సగం. ఇటుకకి ఒక పొడుగు ముఖం, ఒక పొట్టి ముఖం ఉంటాయి. మూలలో పెట్టిన ఇటుక ఒక గోడలో పొడుగు ముఖం చూపిస్తే పక్క గోడలో పొట్టి ముఖమే చూపించాలి. వరసకి ఒకసారి అది అటూ ఇటూ మారుతుంది, అలా రెండు గోడలూ వేళ్లు పెనవేసుకున్నట్టు పట్టుకుంటాయి. నేను గీసిన మూలలో ఇటుక రెండువైపులా పొడుగే చూపించింది. అలాంటి ఇటుక మడిచి చేస్తే తప్ప ఉండదు.

సైటులో ఆ వారం పెద్ద మేస్త్రి లేడు. పనిలోకి వచ్చి ఎక్కువ కాలం కాని కుర్రాడు ఒకడు ఆ మూల కట్టాడు. చేతిలో షీటు ఉంది. అందులో రెండువైపులా నిండు ఇటుక కనబడుతోంది. ఆఫీసు నుంచి వచ్చిన కాగితం, తప్పుంటుందని వాడెందుకు అనుకుంటాడు? చెప్పినట్టు కట్టాలని ఇటుకల చివరలు 45 డిగ్రీల ఏటవాలుగా నరికి, రెండు నరికిన ముఖాలూ కలిపి మూల చేశాడు. పై వరసలో సగం ముక్కల్నీ అలాగే నరికాడు. ఒక్కోటి నరకడానికి ఎంత ఓపిక పట్టి ఉంటుందో నాకిప్పుడు తెలుసు. పదకొండు వరసలు కట్టాడు. షీటులో ఉన్నట్టే, గీత తప్పకుండా.

పెద్ద మేస్త్రి తిరిగొచ్చాక ఆఫీసుకి కబురు వచ్చింది, గీసినవాళ్లని పంపమని. వెళ్లాను. ఆయన నా మీద కేకలు వెయ్యలేదు. షీటు మడత విప్పి మూల మీద వేలు పెట్టి, "అమ్మా, ఈ మూల ఇటుక ఎక్కడ చేస్తారు? చెప్తే తెప్పించుకునేవాళ్లం" అని అడిగాడు. నిజంగానే అడిగాడాయన. మూలల కోసం మడత ఇటుకలు ప్రత్యేకంగా చేయించే పనులు ఉంటాయి, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన తాపీ మొన మూలలోని జాయింటులో పెట్టి అడుగు నుంచి పైదాకా ఒక్క గీతలా లాగాడు. ఎక్కడా ఆగలేదు. పదకొండు వరసల్లో ఒక్క ఇటుకైనా ఆ గోడ నుంచి ఈ గోడలోకి వెళ్లలేదు. రెండు గోడలు పక్కపక్కన నిలబడ్డాయంతే, మధ్యలో సిమెంటు తప్ప ఏ పట్టూ లేదు.

విప్పేశారు. విప్పింది ఆ కుర్రాడే. నరికిన ఇటుకలు ఇంక దేనికీ పనికిరావు, ఒక పక్కన కుప్ప పోశాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను, తప్పు నాదే, నువ్వు సరిగ్గానే కట్టావని చెప్పాను. తల ఊపాడు. ఆ తల ఊపడం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఇటుక గోడ మూల కనబడితే ఆగి చూస్తాను, పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అని కింద నుంచి లెక్కపెడతాను.

నీకు అర్థమైందా నాన్నా? అంకెలు తప్పు కాలేదు. రెండు ప్యాటర్న్‌లూ విడివిడిగా ఒప్పే. ఆరిజిన్ కూడా మూలలోనే, పెట్టాల్సిన చోటే ఉంది. ఆ రెండింటినీ కలిపి ఒక మూలగా చూడలేదు నేను. నేను చూసింది బొమ్మనే.

ఎడమ ముఖం ఫైలు ఇలా రాయాలి. ఎడమ ముఖం మీద ఎడమకి నడిస్తే వరస పైకెక్కుతుంది, కాబట్టి 56.25 ఎక్కి, ఇంకో వరస 75 కూడా ఎక్కితే 131.25. ముక్క, ఖాళీ కలిపి 150 ఒక చుట్టు కాబట్టి 131.25 అన్నా, మైనస్ 18.75 అన్నా ఒకటే. నేను 131.25 అనే రాస్తాను, ఎలా వచ్చిందో అంకెలోనే కనబడుతుంది. అసలు సంగతి మొదలయ్యే చోటు. వై దగ్గర సున్నా బదులు 75.

150, 0,0, 0,64.951905
90, 0,75, 131.25,97.427858, 75,-75

ఆ 75 ఒక్కటే ఆ కుర్రాడి కష్టాన్ని కాపాడేది. దానితో జాయింట్లన్నీ ఒక వరస పైకి జరుగుతాయి. రెండు హ్యాచ్‌లకీ ఆరిజిన్ మూల అడుగునే పెడితే, అడుగు వరసలో కుడివైపు నిండు, ఎడమవైపు సగం. పై వరసలో కుడివైపు సగం, ఎడమవైపు నిండు. ఫైల్లో ఆ లైను పైన సెమికోలన్ పెట్టి ఎందుకో రెండు ముక్కలు తప్పకుండా రాయి. సెమికోలన్‌తో మొదలయ్యే లైనుని ప్రోగ్రాం పట్టించుకోదు, మనిషి చదువుకుంటాడు. రాయకపోతే నువ్వు ఆ ఆఫీసు వదిలాక ఇంకెవరో చూసి, కుడివైపు సున్నా ఉంది, ఇక్కడ 75 ఏమిటి, పొరపాటై ఉంటుంది అని సరిదిద్దేస్తారు. వాళ్ల తప్పు కూడా కాదది.

ఇదంతా అర ఇటుక గోడకి. ఒక ఇటుక మందం గోడ అయితే మూలలో కట్టు వేరు, అక్కడ సగం కంటే చిన్న ముక్కలూ వస్తాయి. దానికి ఈ ఫైలు వాడొద్దని లైబ్రరీలో పేరు పక్కనే రాసిపెట్టు. గోడ రకానికి ఒక ఫైలు. ఒకే ఫైలుతో అన్నీ అయిపోవాలన్న ఆశ పెట్టుకోకు.

దశాంశాల గురించి కూడా కోప్పడతాను, ఎందుకంటే నీకు గుండ్రం చేసే అలవాటుందని నాకు తెలుసు. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో 3.14 కూడా ఎక్కువే అన్నట్టు 3 వేసి కొట్టేసేవాడివి. 64.951905ని 64.95 అని రాశావనుకో. చిన్న గోడ మీద ఏమీ తెలియదు. కానీ ఆరిజిన్ మార్చకపోతే హ్యాచ్ డ్రాయింగ్‌లోని సున్నా సున్నా దగ్గర మొదలవుతుంది, నీ గోడ దగ్గర కాదు. సర్వే కోఆర్డినేట్ల మీద పెట్టిన ప్లాను పక్కనే ఐసోమెట్రిక్ గీస్తే, అది ఆ సున్నాకి ఎక్కడో కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నిలువునా ఒక కిలోమీటరు వెళ్లేసరికే ఆ చిన్న తేడా పేరుకుని 29 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు కిలోమీటర్లకి 58కి పైనే, వరస ఎత్తులో మూడొంతులు. నిలువు జాయింట్లు వరసలని దాటి చేప ముళ్లలా పొడుచుకొస్తాయి. కాబట్టి దశాంశం తర్వాత ఆరంకెలైనా ఉంచు, ప్రతి హ్యాచ్‌కీ ఆరిజిన్ గోడ మూల అడుగున పెట్టు. రెండూ చెయ్యి. ఒకటి చేశాను కదా అని రెండోది వదిలెయ్యకు.

హ్యాచ్ మరీ దట్టంగా ఉందని ప్రోగ్రాం మొరాయిస్తే కంగారు పడకు, ఎక్కడో దశాంశ బిందువు జారి ఉంటుంది, లేదా స్కేలు 1 కాకుండా వేరే ఏదో ఉంది.

పై తలానికి, అంటే గోడ నెత్తికి, 30, 150 గీతలతో ఇదే లెక్క. కానీ గోడ నెత్తి మీద కనబడేవి నాలుగు ఇటుకలే కాబట్టి చేత్తో గీసుకోవడమే మంచిది. పరిచిన ఇటుక నేలకైతే రాసుకో.

ప్రింటు స్కేలు చూసుకో. 1:50లో వరస ఒకటిన్నర మిల్లీమీటర్లు, చదవగలం. 1:100లో ముప్పావు మిల్లీమీటరు, గోడ మొత్తం మసిపూసినట్టు అవుతుంది. అలాంటప్పుడు గోడంతా నింపకుండా అక్కడక్కడ మచ్చలుగా హ్యాచ్ వేసి వదిలెయ్యి, కానీ మూల దగ్గర మాత్రం వెయ్యి. 1:10 లాంటి పెద్ద స్కేలులో 10 మిల్లీమీటర్ల జాయింటు కాగితం మీద ఒక మిల్లీమీటరు అవుతుంది, ఒంటి గీత చాలదు. అక్కడ హ్యాచే వద్దు. మూల అయిదారు వరసలు ఇటుక ఇటుకా గీసెయ్యి. నేను ఆ తర్వాత ఎన్నేళ్లు పనిచేశానో అన్నేళ్లూ ప్రతి షీటులో మూల ఒక్కటీ చేత్తోనే గీశాను, హ్యాచ్‌ని మూలకి ఒక ఇటుక దూరంలో ఆపేసేదాన్ని. చాదస్తమన్నారు. అననీ.

ఒక సంగతి నీకు నచ్చుతుందని రాస్తున్నాను. ఈ ఐసోమెట్రిక్ పద్ధతి గురించి 1822లో రాసి అచ్చువేయించిన విలియం ఫారిష్ కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్. పాఠాల్లో యంత్రాల నమూనాలు చూపించేవాడు. వాటిని విప్పి, మళ్లీ కొత్తగా బిగించేవాళ్లు ఆయన సహాయకులు. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో ఆయన పక్కన లేకపోయినా వాళ్లకి కాగితం చూసి తెలియాలి. అందుకోసం వచ్చింది నువ్వు నేర్చుకుంటున్న ఈ విద్య. నాకు ఆ సంగతి తెలిసినప్పుడు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు.

రాత్రి రెండింటిదాకా తెర ముందు కూర్చుంటున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. ఇది వేరే విషయం కాదు చిన్నా, అదే విషయం. ఆ రోజు నాకు నిద్ర ఉండి ఉంటే మైనస్ గుర్తు పెట్టి ఊరుకునేదాన్ని కాను. రాత్రి రాసిన ఫైలుని రాత్రే లైబ్రరీలోకి ఎక్కించకు. పడుకో. పొద్దున్న లేచి కళ్లు కడుక్కుని మూల చూడు. నీ కళ్లజోడు పవర్ మళ్లీ పెరిగిందట, అది విన్నప్పటి నుంచీ అదొక దిగులు నాకు. అరగంటకోసారి లేచి దూరంగా ఏదైనా చూడు. నీ చూపు నాకు ఏ డ్రాయింగ్ కన్నా ముఖ్యం, అది నీకు తెలుసు.

లైబ్రరీలో పెట్టే ముందు ఇద్దరికి చూపించు. ఒకరు ఆఫీసులో పెద్దవాళ్లు, ఇంకొకరు ఇటుక కట్టడం వచ్చిన మనిషి. రెండోవాళ్లని వదలకు. షీటు చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా, "ఈ మూల ఎలా కడతావు?" అని అడుగు. ఆయన చెప్పేది విను. ఎక్కడైనా ఒక్క క్షణం ఆగి కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడంటే అక్కడే చూడు, అక్కడ ఏదో ఉంది.

నీకు ఇదంతా వస్తుంది. నాకన్నా బాగా వస్తుంది. అంకెలంటే నీకు భయం లేదు, చిన్నప్పుడు నా సెట్‌స్క్వేర్లు తీసుకుని నేల మీద సుద్దతో గళ్లు గీస్తూ కూర్చునేవాడివి, లేవమంటే ఏడ్చేవాడివి. ఆ సెట్‌స్క్వేర్లు ఇంకా ఉన్నాయి, 30-60ది అంచు కాస్త చిట్లింది. ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్లు, నీకోసమే ఉంచాను.

ఫైలు అయ్యాక మూల ఒక్కటే పెద్దదిగా ఏ3 కాగితం మీద ప్రింటు తీసి పంపు. ఫోన్‌లో బొమ్మ పంపకు, నా కళ్లకి ఆనదు. అడుగు నుంచి పది వరసలుంటే చాలు. భూతద్దం పెట్టి చూసి, పెన్సిల్‌తో పక్కన లెక్క వేసి తిప్పి పంపుతాను.

నీ
పెద్దమ్మ